ఇల్లు 15 లక్షలు.. ప్లానుకు 1500లా?

ఊర్ల ఇల్లు కట్టాలని అనుకోంగనే ముందుగాల ఎవల్ని పిలుస్తరు? వాస్తు చెప్పెటాయన్ని. ఆయన వస్తడు, జాగంత ఒక రౌండు తిరుగుతడు, ఈశాన్యం జర పెరగాలె అంటడు, ఆగ్నేయంల పొయ్యి రావాలె అంటడు. పోయేటప్పుడు తమలపాకులల్ల 5,116 పెట్టి దండం పెడ్తం. అండ్ల బేరం లేదు. తర్వాత సుతారి మేస్త్రి వస్తడు. ఆయనతోని గజం లెక్కనా, స్క్వేర్ ఫీటు లెక్కనా అని రెండు రోజులు బేరం నడుస్తది. గని ప్లాను గీసెటోని కాడికి పోయినప్పుడు మన మాట మారుతది. "రెండు గీతలు గీసుడే గదనే, దానికి మూడు వేలా? పదిహేను వందలిస్త, పొద్దుగూకే వరకు ఇయ్యి" అంటం.

నేను సివిల్ డిప్లొమా అయినంక మండల హెడ్‌క్వార్టర్ల ప్లాన్లు గీసే ఆఫీసుల మూడేండ్లు పనిచేసిన. ఆఫీసంటె పెద్దగ ఊహించుకోకుండ్రి. ముంగట జిరాక్స్ మిషిన్, వెనుక రెండు కంప్యూటర్లు. రోజుకు ఐదారుగురు వచ్చెటోళ్లు. అందరిదీ ఒక్కటే సవాల్: "ప్లానుకు ఎంత?" ఆ ప్లానుల ఏముంటది అని అడిగినోళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ధర అడుగుతం గని సరుకేందో అడుగం. టమాట కొన్నా తిప్పి మల్పి చూసెటోళ్లం, ఇంటి ప్లాను దగ్గర మాత్రం గంతే.

అసలు ప్లాను అని మనం పిలిచే కాయితాలు రెండు రకాలు. ఒకటి పర్మిషన్ కాయితం. జాగ కొలతలు, నాలుగు దిక్కుల ఎంత ఇడిసిపెట్టినం, రోడ్డు ఎంత వెడల్పు, అర్రలు ఎక్కడెక్కడ అనేది చూపిస్తది. పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చేటందుకు, బ్యాంకు లోన్‌కు పెట్టేటందుకు ఇది పనికొస్తది. రెండోది పని కాయితం, అంటె వర్కింగ్ డ్రాయింగ్. పిల్లర్ ఏడ రావాలె, గుంత ఎంత లోతు, అండ్ల సలాక ఏ సైజు, ఎన్ని కడ్డీలు, రింగుల మధ్య దూరం ఎంత, బీమ్ ఎంత మందం, స్లాబుల సలాక ఏ దిక్కు పోతది, కిటికీ కింది అంచు ఎంత ఎత్తు, కరెంటు పైపు ఏ గోడల పోతది, బాత్రూం నీళ్లు సెప్టిక్ ట్యాంకుకు ఎట్ల పోతయ్.. ఇవన్నీ ఉంటయ్. మేస్త్రి చేతుల ఉండాల్సింది రెండోది. మనం 1500 ఇచ్చి కొనుక్కునేది మొదటిది. దాన్ని మేస్త్రికి చూపిస్తె, ఆయన ఒకసారి చూసి, మలిచి, జేబుల పెట్టుకోని తన లెక్క ప్రకారమే ముగ్గు పోస్తడు. ఆయన తప్పేం లేదు. ఆ కాయితంల ఆయనకు కావల్సిందేమీ లేదు.

మా దిక్కు నడిచే రేట్లు చెప్త. మీ దిక్కు అటూ ఇటూ ఉండచ్చు. ఉట్టి 2డి ప్లాను 1500 నుంచి 3 వేలు. దాంతోని ముంగట ఎలివేషన్ 3డి బొమ్మ కావాలంటె 5 వేల నుంచి 10 వేలు. గుంతల కాడికెళ్లి స్లాబు దాకా సలాక లెక్కతోని పూర తీరుగ గీసి, పని నడిచేటప్పుడు మూడు నాలుగు సార్లు వచ్చి చూసుడంటె స్క్వేర్ ఫీటుకు 15, 20 రూపాయలు అడుగుతరు. వెయ్యి ఫీట్ల ఇంటికి లెక్కేస్తె 15 వేల నుంచి 20 వేలు. హైదరాబాద్ ఆర్కిటెక్టులైతె ఇంటి ఖర్చుల ఇంత శాతం అని తీసుకుంటరు, అది మన ఊరి ముచ్చట కాదు.

20 వేలంటె గుండె గుభేల్‌మంటది, నిజమే. గని 15 లక్షల ఇంట్ల అది నూటికి రూపాయిన్నర కూడ కాదు. గృహప్రవేశం నాడు టెంటుకు, వంటలకు అయ్యే ఖర్చు ఇంతకంటె ఎక్కువనే ఉంటది.

మరి ఆ కాయితం లేకపోతె ఏం పోతది? లెక్కలు చేద్దాం. 600 ఫీట్ల స్లాబు తీసుకుందాం. ఐదు ఇంచులు సరిపోయే కాడ "గట్టిగుంటది" అని ఆరు ఇంచులు పోయించిన్రనుకో. ఆ ఒక్క ఇంచుకు 50 ఘనపుటడుగుల కాంక్రీటు, అంటె దగ్గర దగ్గర 1.4 క్యూబిక్ మీటర్లు ఎక్కువైతది. స్లాబుకు వాడే కాంక్రీటుల ఒక క్యూబిక్ మీటర్‌కు ఎనిమిది బస్తాల సిమెంట్ పడ్తది. అంటె 11 బస్తాలు, దానికి తగ్గ ఇసుక, కంకర అదనం. అంతే కాదు, మూడున్నర టన్నుల బరువు పిల్లర్ల మీద ఉత్తగ కూసుంటది. గట్టిదనం పెరుగుతది అనుకున్నం, పెరిగింది బరువు.

సలాక ముచ్చట ఇంకా తమాష. 40 ఫీట్ల 12 ఎంఎం కడ్డీ 10.8 కిలోలు తూగుతది. అదే పొడుగు 16 ఎంఎం కడ్డీ 19.3 కిలోలు. ఒక్క కడ్డీకి ఎనిమిదిన్నర కిలోల దాక తేడా. కిలో 60 రూపాయలు అనుకున్నా ఒక కడ్డీకి 500. అక్కరలేని కాడ పది కడ్డీలు మారిస్తె 5 వేలు పోయినయ్. బేరం చేసి మిగిలించుకున్న పైసలు మట్టిల పూడ్చిపెట్టినట్టే. పిల్లర్లల్ల 12 ఎంఎం కంటె సన్నటిది పెట్టొద్దని ఐఎస్ 456 కోడ్ చెప్తది. దానికి పైన ఎంత సైజు కావాలె, ఎన్ని కడ్డీలు కావాలె అనేది మీద పడే బరువును బట్టి, కింది మట్టిని బట్టి ఇంజినీరు లెక్క తీయాలె. మేస్త్రి లెక్క అట్లుండది. పోయిన ఇంటికి ఎంత పెట్టిండో ఈ ఇంటికీ అంతే. ఆ ఇల్లు ఎర్ర చెల్కల ఉండచ్చు, ఇది నల్లరేగడిల ఉండచ్చు. రేగడి వానకాలం ఉబ్బుతది, ఎండకాలం కుంచించుకపోయి నెర్రెలు బాస్తది. రెండిటికీ ఒక్క తీరు గుంత తవ్వితె గోడలకు కూడ నెర్రెలు బాస్తయ్.

ఇంతవరకు పైసల ముచ్చట. ప్రాణాల ముచ్చట వేరే ఉన్నది. మీ ఊర్లనే ఒక్కసారి తిరిగి చూడుండ్రి. గోడ బయటికి వచ్చిన సజ్జలు, బాల్కనీలు ఎన్ని కిందికి వంగినయో, ఎన్నిటికి గోడ అంచుకాడ పగుళ్లొచ్చినయో. గోడ బయటికి వేలాడే స్లాబుకు సలాక పై భాగంల ఉండాలె, ఎందుకంటె అది వంగేటప్పుడు సాగేది పై భాగమే. ఇంట్ల రెండు గోడల నడుమ స్లాబుకు మాత్రం ముఖ్యమైన సలాక కింది భాగంల ఉంటది. ఈ ముచ్చట కాయితం మీద గీసి లేకపోతె, సెంట్రింగ్ చేసెటోడు అంతటా ఒక్క తీరుగనే కింద పరుస్తడు. లేకపోతె పైన కట్టింది కూడ కాంక్రీటు పోసేటోళ్ల కాళ్ల కింద పడి అణిగిపోతది. సెంట్రింగ్ తీసిన్నాడు బాగనే ఉంటది. నాలుగేండ్లకో, పిల్లలు దాని మీదికెక్కి ఆడేటప్పుడో తెలుస్తది. దాన్ని ఆపేది ప్లానుల ఒక చిన్న అడ్డకోత బొమ్మ.

ఇగ ఈ ఏడాది ఊర్లల్ల ఎక్కువగ నడుస్తున్నది ఇందిరమ్మ ఇండ్ల ముచ్చట. 2024 మార్చి 11 నాడు భద్రాచలంల ఈ స్కీము మొదలువెట్టిన్రు. ఇంటికి 5 లక్షలు. ఒక్కో నియోజకవర్గానికి 3,500 ఇండ్లు. బేస్‌మెంట్, గోడలు, స్లాబు, ఇల్లు పూర్తయినంక.. ఇట్ల దశల వారీగ బిల్లు పడ్తది. ఇల్లు 400 ఫీట్లకు తగ్గొద్దు, 600 ఫీట్లు దాటొద్దు. ప్లాను విలువ తెలిసేది ఈడనే.

ఒక కుటుంబం 20 బై 30 ఇల్లు అనుకున్నరు. 600 ఫీట్లు, బరాబర్. మేస్త్రి ముగ్గు పోసేటప్పుడు "20 బై 30 లోపలి కొలతనా, బయటి కొలతనా?" అని ఎవ్వలూ అడుగలే. లోపల అర్రలు పెద్దగ రావాలె గద అని ఆయన లోపలి కొలత పట్టిండనుకో. 9 ఇంచుల గోడలు నాలుగు దిక్కుల కలిపితె బయటి కొలత ఇరవై ఒకటిన్నర బై ముప్పై ఒకటిన్నర అయితది. అంటె 677 ఫీట్లు. ఏఈ టేపు బయటి గోడకు పెట్టిండంటె 77 ఫీట్లు ఎక్కువ. బిల్లు ఆగింది. బేస్‌మెంట్ కోసం తెచ్చిన అప్పుకు మిత్తి మాత్రం ఆగది. అదే బయటి కొలత 20 బై 30 పట్టుకుంటె లోపల 527 ఫీట్లే మిగుల్తయ్, అండ్ల నడిమి గోడలు కూడ పోవాలె. మరి ఇద్దరు కొడుకులున్న ఇంటికి ఆ జాగల రెండు అర్రలు, వంటర్ర, బాత్రూం ఎట్ల ఇమడాలె? ఇమిడించచ్చు. దానికే ప్లాను గీసెటోడు కావాలె. చిన్న ఇల్లు గీసుడు పెద్ద ఇల్లు గీసుడు కంటె కష్టం. బంగళాల రెండు ఫీట్లు వేస్టయినా ఎవ్వలికి తెల్వది, 527 ఫీట్లల్ల దర్వాజ అర ఫీటు జరిగినా మంచం పట్టది.

సర్కారు మండలానికో మోడల్ ఇల్లు కట్టి చూపెట్టింది. అది మంచి పనే. గని ఆ మోడల్ ఇంటికి నాలుగు దిక్కుల ఖాళీ ఉంటది. మన జాగలు గట్లుంటయా? తాత ఇల్లు ముగ్గురు కొడుకులు పంచుకుంటె ఒక్కొక్కలకు 15 ఫీట్ల వెడల్పు, 50 ఫీట్ల పొడుగు వస్తది. రెండు దిక్కుల పాలోళ్ల గోడలు. ఇసొంటి రైలు డబ్బా జాగల నడిమి అర్రకు ఎలుతురు ఏడికెళ్లి రావాలె, పొగ ఏడికెళ్లి పోవాలె, ఇది అసలు సవాల్. ఊర్లల్ల పాత పెంకుటిండ్లకు నడుమ గచ్చు ఉండేది, మీదికెళ్లి ఎలుతురు, గాలి వచ్చేది. స్లాబు వచ్చినంక గచ్చు పోయింది, పగటిపూట కూడ నడిమి అర్రల లైటు ఎయ్యవట్టిరి. పొడుగు జాగల నాలుగు బై నాలుగు ఓపెన్ ఇడిసిపెడ్తె ఇల్లంత ఊపిరి పీలుస్తది. మేస్త్రి దాన్ని "జాగ దండుగ" అంటడు. ఆయన స్క్వేర్ ఫీట్ల లెక్కన పని పట్టిండు గద, స్లాబు ఎంత పెరిగితె ఆయనకు అంత లాభం.

ఇది చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు "ఇప్పుడు ఫోన్లనే ప్లాన్లు దొరుకుతున్నయ్ గద అన్నా" అంటరని నాకెర్కే. దొరుకుతున్నయ్. 30 బై 40 తూర్పు ముఖం అని కొడ్తె వందలు వస్తయ్. 99 రూపాయలకు పీడీఎఫ్‌ల కట్టలు అమ్మెటోళ్లున్నరు. ఏఐని అడిగితె నిమిషంల బొమ్మ గీసిస్తది. వాటిని చూడొద్దని నేననను. ఇంట్ల అవ్వకు, నాయినకు చూపెట్టి, మనకు ఏం కావాలె, ఏం వద్దు అని మాట్లాడుకునేటందుకు అవి బంగారం. గని ఆ పీడీఎఫ్‌కు మీ జాగ మూల జర వంకరున్నదని తెల్వది, పక్కింటి బాయి తెల్వది, రేగడి తెల్వది. 3డి బొమ్మ మోజు ఇంకో రోగం. ముంగట గీతల గీతల ఎలివేషన్‌కు 8 వేలు పెడ్తరు, సలాక లెక్కకు 4 వేలు అంటె వద్దంటరు. ఫేస్‌బుక్‌ల పెట్టేటందుకు ఎలివేషన్ పనికొస్తది గని స్లాబును మోయది.

మనోళ్లు పిసినారులు కాబట్టి ప్లానుకు పైసలు పెడ్తలేరనే మాట నేనొప్పుకోను. ఊర్ల ఇల్లు ఒక్కసారి లేవది. వడ్లు అమ్మినంక బేస్‌మెంట్, బంగారం కుదువ పెట్టి గోడలు, కొడుకు దుబాయ్ నుంచి పంపితె స్లాబు. పైసలు చేతికొచ్చిన్నాడు కంకర కొనాల్నా, కాయితం కొనాల్నా అంటె ఎవలైనా కంకరే కొంటరు. మల్ల గ్రామకంఠం జాగలకు కాయితాలే సక్కగుండయ్, కాయితం లేని జాగకు ప్లాను కాయితం ఎందుకనిపిస్తది. అన్నిటికంటె ముఖ్యంగ, ఇన్నేండ్ల సంది మనకు ప్లాను పేరు మీద అమ్మింది స్టాంపు వేసుకునే కాయితమే. పనికిరాని సరుకుకు జనం తక్కువ ధర కట్టిన్రు. వాళ్ల లెక్క తప్పు కాదు. పనికొచ్చే సరుకు ఊరిదాక రాలే.

చట్టాలు కూడ స్టాంపు కాయితం సుట్టే తిరుగుతయ్. 2020ల వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం మున్సిపాలిటీలల్ల మంచి పని చేసింది. 75 గజాల లోపు జాగల ఒక అంతస్తు, లేకపోతె దాని మీద ఇంకొకటి కట్టుకుంటె పర్మిషన్ అక్కరలేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటె చాలు. 600 గజాల దాక సొంత ధ్రువీకరణతోని వెంటనే పర్మిషన్. లంచాల బాధ తగ్గించేటందుకు ఇది కావాలె. గని పేదోని ఇల్లు అంటె పర్మిషన్ పీడ లేకుంటె చాలనుకున్నరు. పర్మిషన్ ఒద్దంటె ప్లాను కూడ అక్కరలేదని జనం అర్థం చేసుకున్నరు. చిన్న ఇంటికి ఇంజినీరు సాయం ఎవలియ్యాలె అని అడిగినోళ్లు లేరు.

ఇంకో మాట. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ల రిజిస్టర్ అయినోళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలె. గని డిజైన్ పని వేరేటోళ్లు చేయొద్దని ఆ చట్టం ఆపది అని 2020ల సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటె మన పాలిటెక్నిక్ పిలగాండ్లు, బీటెక్ సివిల్ చదివినోళ్లు ఇంటి ప్లాన్లు గీసుడు దొంగపని కాదు. సలాక లెక్కకు మాత్రం అది తెలిసిన ఇంజినీరు ఉండాలె, అండ్ల రాజీ లేదు.

ఈ పని చేసి చూపెట్టినోళ్లు లేరా అంటె ఉన్నరు. కేరళల లారీ బేకర్ అనే ఆయన బ్రిటన్‌ల పుట్టి, ఇక్కడనే స్థిరపడి, 2007ల తిరువనంతపురంల కన్నుమూసే దాక తక్కువ ఖర్చు ఇండ్ల మీదనే పనిచేసిండు. ఇటుకను పండవెట్టుడు కాదు, నిలవెట్టి గోడ నడుమ ఖాళీ ఇడిసిపెట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతిని అక్కడ బాగ వాడిండు. దాంతోని ఇటుకలు నాలుగోవంతు దాక మిగుల్తయ్, ఇంట్ల ఎండ కాక కూడ తగ్గుతది. ఆ రాష్ట్రంలనే కొల్లంల 1980లల నిర్మితి కేంద్రం మొదలయి, తర్వాత జిల్లా జిల్లాకు పాకింది. మేస్త్రిలకు పని నేర్పుడు, మామూలు జనానికి తక్కువ ఖర్చు ఇంటి సలహా ఇచ్చుడు దాని పని.

మన దగ్గర 4.5 లక్షల ఇండ్లకు ఐదైదు లక్షలు అంటె 22,500 కోట్ల ముచ్చట. అండ్ల డిజైన్ సాయానికి వేరే లెక్క ఉన్నదా? జిల్లాకో పది తీర్ల ప్లాన్లు గీయించుడు సర్కారుకు ఏం బరువు? 15 ఫీట్ల వెడల్పు జాగకొకటి, 20 ఫీట్లదానికొకటి, మూల జాగకొకటి. రేగడికి వేరే గుంత, చెల్కకు వేరే గుంత. సలాక లెక్క తెలుగుల, మేస్త్రి చదువుకునేటట్టు పెద్దక్షరాలల్ల. దాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తె, పది రూపాయల జిరాక్సుతోని పని అయిపోతది. 2025 డిసెంబర్ల పంచాయతీ ఎన్నికలయి కొత్త సర్పంచులు వచ్చిన్రు. గ్రామసభల సీసీ రోడ్డు, మోరీ అడిగినట్టే దీన్ని కూడ అడుగచ్చు.

"అట్లయితె ప్లాన్లు గీసెటోళ్ల పొట్ట కొట్టినట్టే గద" అని నా దోస్తులే కొందరు అంటున్నరు. వాళ్ల బాధ నాకు తెలుసు. అమీర్‌పేటల ఆటోక్యాడ్ నేర్చుకోని వచ్చినోడు షీటుకు 300లకు పొద్దంత కూసుంటున్నడు. ధర తక్కువ కాబట్టి జాగ కాడికి పోడు, పోడు కాబట్టి ప్లాను పనికిరాదు, పనికిరాదు కాబట్టి ధర పెరగది. ఉట్టి గీతల పని ఎట్లనైనా ఫోను గుంజుకుంటది. మిగిలేది జాగ కాడికి పోయే పని. ముగ్గు పోసేటప్పుడు ఒకసారి, గుంతలల్ల సలాక దించినప్పుడు ఒకసారి, స్లాబు పోసే ముందటి రోజు ఒకసారి. సారికి వెయ్యి అన్నా మూడు వేలు. సెంట్రింగ్ మీదికెక్కి సజ్జ సలాక పైన ఉన్నదా కింద ఉన్నదా అని చూసెటోనికి ఆ మూడు వేలు ఇయ్యనీకి జనం వెనకాడరు, ఎందుకంటె అది కండ్ల ముంగట కనవడే పని.

ఎండకాలం ముగ్గులు పోసుకునేటోళ్లు పైసలిచ్చే ముందు ఈ మాటలు అడుగుండ్రి: అన్నా, ఈ రేటుల పిల్లర్ గుంత బొమ్మ, సలాక పట్టిక వస్తయా? ఇంజినీరు సంతకం ఎవలిది? ఏ కొలత లోపలిది, ఏది బయటిది అని రాసిస్తవా? స్లాబు ముందు రోజు వస్తవా, రావా? వస్త అన్నడంటె 1500 కాడ బేరం ఆపి, ఆయన అడిగిన కాడికి దగ్గరగ ఇయ్యుండ్రి. రానంటె ఆ కాయితానికి 1500 కూడ ఎక్కువే.